రివెట్టు ఊడిన చోట

నేను ముస్లింను. నాకు ఉర్దూ రాదు.

ఈ రెండు మాటలూ పక్కపక్కన పెడితే వినేవాళ్ల చెవిలో ఎక్కడో కరకరమంటుంది. మా ఊళ్లో అంది, కడపలో అంది, కువైట్‌లో అయితే రోజూ అంది. "అయితే నువ్వేం ముస్లింవి?" అని కొందరు అడుగుతారు. "తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నావే, నువ్వు ముస్లింవా?" అని ఇంకొందరు. రెండో ప్రశ్న మెచ్చుకోలుగా అడుగుతారు. అదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఆ ప్రశ్నలతో ఏం చెయ్యాలో నాకు తెలిసింది ఒక పాత స్పోర్ట్స్ కారు వెనక చక్రం దగ్గర. అది చెప్పాలంటే బ్రేకుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నేను మెకానిక్‌ను. ఇంకో రకంగా చెప్పడం నాకు చేతకాదు.

మాది రాయచోటి దగ్గర పల్లె. మేం దూదేకులవాళ్లం. మా అబ్బ ఇంటింటికీ తిరిగి పరుపులకూ దిండ్లకూ దూది ఏకేవాడు. కడప సీమలో తాతను అబ్బ అంటాం. మనిషంత పొడవు విల్లు, దానికి నరంతో చేసిన నారి. చెక్క గుండుతో నారి మీద కొడితే టంయ్ టంయ్‌మని మోగేది, దూది మబ్బులా లేచేది. చివరి రోజుల్లో అబ్బకు చూపు తగ్గింది. అయినా మోత విని పని చేసేవాడు. ఒకసారి మోత చెడితే నేను నారి బిగించబోయాను. అబ్బ నా చెయ్యి పట్టుకుని, "నారిది కాదురా తప్పు. దూదిలో గింజ ఉండాది చూడు. అరిసేది నారి, అరిపించేది గింజ" అన్నాడు. వెతికితే గింజ దొరికింది. ఆ దూది దుమ్మే అబ్బ ఊపిరితిత్తుల్లోకి పోయి, దగ్గి దగ్గి పోయాడు.

నాయన విల్లు పట్టలేదు. ఫోము పరుపులొచ్చాక ఏకించుకునేవాళ్లు ఎవరు? పన్నెండో ఏట లారీ షెడ్డులో చేరాడు. నేనూ అక్కడే పాన పట్టుకున్నాను.

మా ఇళ్లలో మస్తానయ్యలు, హుసేనప్పలు, ఫకీరమ్మలు ఉంటారు. నిఖా ఖాజీ చదువుతాడు. దానికి ముందు పందిరి వేస్తాం, పసుపు రాస్తాం. నమాజు అరబ్బీలో చదువుతాం, ఏడుపొస్తే తెలుగులో ఏడుస్తాం. 'తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే ముల్లా' అని సామెత. ఆ సామెత చెప్పి నవ్వేవాళ్లలో హిందువులూ ఉంటారు, ఉర్దూ సాయిబులూ ఉంటారు. ఇక 'పింజారి' అనే మాట తెలుగులో తిట్టు. మా కులం పేరు అది. బళ్లో ఒక పిల్లవాణ్ని ఇంకో పిల్లవాడు పింజారోడా అని తిడితే, తిట్టు తగిలినవాడి కంటే ముందు నేను తల దించుకునేవాణ్ని.

కాగితాల్లోనూ ఇదే. ప్రభుత్వ జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అన్నీ కలిపి బీసీ-బి. వెనకబడిన మరికొన్ని ముస్లిం సమూహాలకు 2007లో బీసీ-ఇ వచ్చింది. మసీదులో భుజం భుజం కలిపి ఒకే వరసలో నిలబడతాం. ధ్రువపత్రాల దగ్గరికి వస్తే మా అక్షరం వేరు, వాళ్ల అక్షరం వేరు.

2011లో కువైట్ చేరాను. షువైఖ్ పారిశ్రామిక వాడలో ఒక గ్యారేజీ. మా మీద పెద్ద మిస్త్రీ పెషావర్ మనిషి. ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. చెయ్యి మంచిది, నోరు చెడ్డది. మొదటిరోజే నా పాస్‌పోర్టు తిప్పి చూశాడు. పేరు చివర 'అయ్య' ఉంది. "ముసల్మాన్ హో?" అన్నాడు. అవునన్నాను. "ఉర్దూ నహీ ఆతీ? యే కైసే?" నా దగ్గర జవాబు లేదు. ఒకరోజు వచ్చీరాని హిందీలో మా అబ్బ దూదేకేవాడని చెప్పాను. అతను అబ్బా అంటే మా నాయన అనుకున్నాడు. మర్నాడు నాయన లారీ మెకానిక్ అని చెబితే, "నిన్న దూది అన్నావు, ఇవాళ లారీ అంటున్నావు" అని అందరి ముందూ అబద్ధాలకోరును చేశాడు. ఒక్క మాట రెండు భాషల్లో రెండు తరాలకు చెల్లితే, మధ్యలో ఉన్నవాడు అబద్ధాలకోరవుతాడు.

అరబ్బులకు నేను 'హిందీ'. అంటే ఇండియావాడు, అంతే. ఖైతాన్‌లో మా గది నిండా కడప వాళ్లే. ఏ మతమైనా తెలుగులో మాట్లాడితే 'మనోడే'. కానీ టీవీలో ఏదో బాంబు వార్త వచ్చినప్పుడు గదిలో మాటలు ఆగేవి. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. నేనూ ఎవర్నీ ఏమీ అనలేదు. ఆ కాసేపూ నేను 'మనోణ్ని' కాదని మాత్రం అందరికీ తెలుసు.

మూడేళ్లలో నేను మారాను. పేరు అడిగితే చివరి 'అయ్య' మింగేసి చెప్పడం నేర్చుకున్నాను. మొహర్రం వస్తే మా ఊళ్లో పీర్ల పండుగ. పీరు ఎత్తేది మా ఇంటివాళ్లే, అబ్బ తర్వాత నాయన. ఊరంతా వచ్చి బెల్లమూ చక్కెరా చదివించుకుని పోతారు. 2012లో నేను నాయనకు ఫోన్ చేసి, "ఇదంతా మన దీన్‌లో లేదు నాయనా. మానెయ్. ఇక్కడ చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది" అన్నాను. నాయన ఏమీ అనలేదు. ఫోను అమ్మకిచ్చాడు. ఆ తర్వాత రెండేళ్లు ఎప్పుడు చేసినా "బాగుండావా" అని అడిగి అమ్మకే ఇచ్చేవాడు.

ఇక కారు సంగతి. 1977 మోడల్ షెవ్రొలే కార్వెట్. ఎర్ర రంగు, పొడవాటి మూతి, ఇద్దరే కూర్చునే బండి. యజమాని తండ్రి కొన్న కారట. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని శుక్రవారాలు ఖైరాన్ వైపు సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లేవాడు. 2014 ఆగస్టులో మొదటిసారి వచ్చింది. వెనక బ్రేకు కీచుమంటోందని ఫిర్యాదు. ప్యాడ్లు అరిగి ఇనుము తేలింది, డిస్కు మీద గాళ్లు పడ్డాయి. ఉస్తాద్ కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కులు తెప్పించాడు.

ఈ కారులో నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులే. 1965 నుంచీ కార్వెట్‌లకు అంతే. వెనక డిస్కు మామూలు కార్లలోలాగా ఊడి రాదు. చక్రాన్ని తిప్పే ఇరుసు ముక్కను స్పిండిల్ అంటాం. దాని అంచుకు డిస్కును అయిదు రివెట్లతో దిగ్గొట్టి ఉంటుంది. "డ్రిల్లు పెట్టు" అన్నాడు ఉస్తాద్. పెట్టాను. రివెట్ల తలలు ఊడాయి, పాత డిస్కు వచ్చింది. కొత్తది స్టడ్ల మీదికి జారింది. చక్రం నట్లు బిగిస్తే అదే పట్టుకుంటుందిలే అన్నాడు. పట్టుకుంది కూడా.

పదిరోజులకు కారు తిరిగొచ్చింది. ఇప్పుడు బ్రేకు తొక్కకపోయినా చక్రం తిరిగినప్పుడల్లా వెనక షిక్ షిక్‌మంటోంది. తొక్కితే సీటు కింద అదురు. పెడల్ మెత్తబడింది. ఉస్తాద్ గాలి చేరిందన్నాడు. బ్లీడింగ్ చేసి, ప్యాడ్లు మళ్లీ మార్చి పంపాడు. అక్టోబరు ఆఖరివారంలో మూడోసారి వచ్చింది, ఈసారి లాగుడు బండి మీద. హైవే మీద పెడల్ దాదాపు అడుగుకు పోయిందట. పక్కన కొడుకున్నాడు. ఏమీ కాలేదు, దేవుడి దయ.

యజమాని అరవలేదు. "దీన్ని ఎవరు ముట్టుకున్నారు?" అని మాత్రం అడిగాడు. ఉస్తాద్ నావైపు వేలు చూపించాడు. "ఈ హిందీ."

గ్యారేజీలో పదకొండు మందిమి ఉన్నాం. ఆ వేలు నావైపే ఎందుకు తిరిగిందో మీకు చెప్పక్కర్లేదు. ముస్లింలకు చిన్నప్పటినుంచీ ఆ వేలు తెలుసు. ఊళ్లో ఏ చప్పుడైనా ముందు మన పేటవైపు చూస్తారు. కానీ ఇక్కడ చూపించినవాడూ ముస్లిమే. అది కొత్త. నా అకామా గ్యారేజీ కఫీల్ చేతిలో ఉంది. గురువారం రాత్రిలోగా చప్పుడు ఎక్కడిదో చెప్పకపోతే టిక్కెట్టు కొనిస్తానన్నాడు ఉస్తాద్.

ముందు ఏదీ విప్పలేదు. నాయన నేర్పింది అదే. విప్పితే సాక్ష్యం పోతుంది. ఏ చప్పుడు, ఎప్పుడు, ఎక్కడ అని ఒక అట్టముక్క మీద రాసుకున్నాను. గాలి తీసి పెడల్ నిలబడ్డాక, షెడ్డు వెనక ఖాళీ దారిలో నడిచే మనిషి వేగంతో నడిపాను. షిక్ షిక్ ఉంది. చక్రం ఒక చుట్టుకు ఒకసారి. వేగం పెరిగితే అదీ పెరుగుతోంది. ఇంజను మోతకూ దానికీ సంబంధం లేదు.

వెనకనుంచి వచ్చే ప్రతి చప్పుడూ బ్రేకుది కాదు. ఈ కారులో మరీ. దీని వెనక చక్రాలు విడివిడిగా ఊగుతాయి. డిఫరెన్షియల్ నుంచి చక్రానికి పోయే షాఫ్టు, చక్రాన్ని నిలబెట్టే కడ్డీగా కూడా పనిచేస్తుంది. ఆ షాఫ్టు చివర క్రాసు అరిగితే యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడు టక్కుమంటుంది. బేరింగు పోతే గుర్రుమని ఏకధాటిగా మోగుతుంది, మలుపు తిరిగేటప్పుడు మోత మారుతుంది. డిఫరెన్షియల్ లోపలి పట్టీలు జిడ్డు తక్కువై పట్టుకుంటే నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు గడగడమంటుంది. ప్యాడు అదిరితే సన్నని కీచు. ఇనుమూ ఇనుమూ రాసుకుంటే గరగర. వణుకు స్టీరింగులో తెలిస్తే ముందు చక్రాలను చూడాలి, సీటులో తెలిస్తే వెనక. నాది సీటులో.

చేతి బ్రేకు లాగాను. పైదాకా వచ్చింది, పట్టలేదు. దీని చేతి బ్రేకు వేరే ఉంటుంది. డిస్కు మధ్యన గిన్నెలాంటి భాగంలో రెండు చిన్న షూలు. వాటిని సర్దడానికి డిస్కులో ఒక రంధ్రం ఉంటుంది. అదీ రాసుకున్నాను.

జాకీ పెట్టి, స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. బేరింగులో పెద్ద ఆట లేదు. షాఫ్టులు పట్టి మెలితిప్పాను. క్రాసులు గట్టిగానే ఉన్నాయి. చక్రం తీశాను. దుమ్మును కంప్రెసర్‌తో ఊదబోయాడు ఒక కుర్రవాడు. ఆపాను. పాత బ్రేకుల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఊదితే ఊపిరితిత్తుల్లోకే పోతుంది. తడిగుడ్డతో తుడిచాను. అబ్బ దగ్గు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది.

చక్రం తీశాక రివెట్లు లేని డిస్కు వదులుగా ఊగుతుంది. అట్లాగే కొలిస్తే అబద్ధం చెబుతుంది. అందుకని వాషర్లు వేసి, నట్లు మళ్లీ బిగించి, డయల్ గేజి ముల్లు డిస్కు అంచుకు ఆనించి నెమ్మదిగా తిప్పాను. మెకానిక్‌ల కొలత థౌ. అంగుళంలో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం మూడు థౌ దాకా ఉంటుంది. ఈ డిస్కు అటూఇటూ ఊగడం అయిదు థౌ లోపు ఉండాలి, మూడు లోపుంటే మేలు. ఎడమ వెనక చక్రం గేజిలో ముల్లు పదిహేను చూపించింది.

డిస్కు తిప్పకుండా లోపలికీ బయటికీ లాగి చూశాను. ముల్లు కదిలింది మూడు థౌ. ఎనిమిది దాకా ఫరవాలేదు. అంటే బేరింగు తప్పు కాదు. మైక్రోమీటరుతో డిస్కు మందం ఎనిమిది చోట్ల కొలిచాను. అంతటా ఒకటే, అంగుళంపావు. డిస్కు ఊడదీసి చదునైన బల్ల మీద పెట్టి చూశాను. ఊగు రెండు మూడు థౌ మించి లేదు. స్పిండిల్ అంచుకు గేజి పెట్టాను. అదీ కాస్త తప్ప సరిగ్గానే తిరుగుతోంది.

గేజి పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. డిస్కు మంచిది. స్పిండిల్ మంచిది. రెంటినీ కలిపితే పదిహేను.

దీపం దగ్గరగా పెట్టి స్పిండిల్ అంచు చూశాను. రివెట్ల ముక్కలు రెండు అంచుపైకి కొంచెం లేచి ఉన్నాయి. డ్రిల్లు పెట్టినప్పుడు మిగిలిన ముళ్లు. నేను డ్రిల్లు పెట్టినవే. వాటి చుట్టూ తుప్పు పొర. ఇంకొకటి. డిస్కులోని సర్దే రంధ్రం, స్పిండిల్ అంచులోని రంధ్రానికి ఎదురుగా లేదు. ఎట్లా పడితే అట్లా ఎక్కించాం. అందుకే చేతి బ్రేకు ఎవరూ సర్దలేకపోయారు. స్పిండిల్ అంచు దగ్గర ఒక థౌ తేడా ఉంటే డిస్కు చివరకొచ్చేసరికి రెంతలు దాటుతుంది. అంచు చిన్నది, డిస్కు పెద్దది కదా.

అప్పుడు పాత మాన్యువల్‌లో నేను చదివి దాటేసిన సంగతి అర్థమైంది. ఫ్యాక్టరీలో డిస్కును విడిగా, స్పిండిల్‌ను విడిగా నున్నగా చేసి కలపలేదు. ముందు రివెట్లు కొట్టి రెండింటినీ ఒకటి చేశారు. ఆ తర్వాత, కలిసి ఉన్నదాన్ని కలిసి ఉన్నట్టే లేతు మీద తిప్పి సరిచేశారు. విడివిడిగా చూస్తే ఏదో ఒకదాంట్లో చిన్న వంకర ఉండొచ్చు. కలిసి తిరిగేటప్పుడు ఉండదు. రివెట్లు ఊడబీకి ఒకదాన్ని కొత్తదిగా, స్వచ్ఛమైనదిగా మార్చినప్పుడు ఆ పొత్తు పోయింది.

పెడల్ మెత్తబడటానికీ అదే కారణం. ఈ కారు క్యాలిపర్ గట్టిగా బిగించి ఉంటుంది, కదలదు. ఒక్కోదానిలో నాలుగు పిస్టన్లు. డిస్కు ఊగితే చుట్టుకొకసారి పిస్టన్లను లోపలికి తోసి బయటికి వదులుతుంది. వాటి చుట్టూ ఉన్న రబ్బరు పెదవి లోపలి ఒత్తిడిని ఆపగలదు కానీ, పిస్టన్ ముందుకూ వెనక్కూ ఆడుతుంటే బయటి గాలి కొంచెం కొంచెం లోపలికి జారిపోతుంది. ఒక్క చుక్క ఆయిల్ బయటికి రాదు. అందుకే ఎక్కడా తడి కనపడలేదు. ఉస్తాద్ ఎన్నిసార్లు గాలి తీసినా, తీసిన గాలికి బదులు చక్రమే కొత్త గాలి కొట్టుకుంటోంది. అరిచేది ప్యాడు. అరిపించేది అతుకు.

ఉస్తాద్‌ను పిలిచి గేజి చూపించాను. "తూ నే డ్రిల్ కియా థా" అన్నాడు. నువ్వే కదా డ్రిల్లు చేసింది అని. అవునన్నాను. కొలవకుండా ఎక్కించింది కూడా నేనే అన్నాను. అతను ముల్లు రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. చాలాసేపు ఊరుకుని, "మైనే కహా థా" అన్నాడు. నేనే చెప్పాను అని. ఆ నాలుగేళ్లలో అతని నోట నేను విన్న పెద్ద మాట అదే.

రివెట్ల ముక్కలను చదునుగా ఆకురాయి పట్టాను. తుప్పు గీకాను. రంధ్రానికి రంధ్రం ఎదురుపెట్టి డిస్కు ఎక్కించాను. గేజి ఎనిమిది చూపించింది. ఇంకా ఎక్కువే. ఎక్కడ పల్లమో గుర్తుపెట్టి, ఆ స్టడ్డు దగ్గర మూడు థౌ రేకు, దాని పక్క రెండింటి దగ్గర ఒకటిన్నర థౌ రేకు వేశాను. షిమ్ అంటాం. వెంట్రుకంత మందం. మళ్లీ బిగించి తిప్పితే ముల్లు రెండు దగ్గర ఆగింది. కుడివైపు కూడా అట్లాగే చేశాను. కొత్త బ్రేక్ ఆయిల్ పోసి, నాలుగు చక్రాలూ బ్లీడింగ్ చేసి, చేతి బ్రేకు సర్దాను. గురువారం సాయంత్రం ఖాళీ దారిలో నడిపితే చక్రాల కింద ఇసుక చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. యజమానికి ఉస్తాద్ నిజం చెప్పాడు. డబ్బు తీసుకోలేదు.

ఆ రాత్రి గదిలో నిద్ర పట్టలేదు. మా ఇంట్లో కూడా నేను డ్రిల్లు పెట్టాను కదా అనిపించింది.

మాలో తెలుగూ ఇస్లామూ విడివిడిగా తయారై వచ్చినవి కావు. ఎన్నో తరాల కిందట ఎవరో రెంటినీ కలిపి రివెట్లు కొట్టారు. కలిసి తిరుగుతూ, అరుగుతూ సరయ్యాయి. ఇటు చూస్తే వంకర, అటు చూస్తే వంకర అని రెండు పక్కలవాళ్లూ అంటారు. ఒక్కోదాన్ని విడదీసి బల్ల మీద పెట్టి చూసేవాళ్లు అట్లాగే అంటారు. ఉస్తాద్ ముందు సిగ్గుపడి, ఒకదాన్ని తీసేసి పక్కవాడిలాంటి కొత్తది తొడుక్కున్నాను. కొత్తది చెడ్డదని అనను. ఏది సరైన దీనో చెప్పడానికి నేను ఆలిమ్‌ను కాను. నేను చేసిన తప్పు, కొలవకుండా తీయమనడం. నాయనను అడగకుండా నాయనలోని ముక్కను తీయమన్నాను. చప్పుడు అప్పుడు మొదలైంది. రెండేళ్లపాటు ఫోనులో వినిపించిన ఆ మౌనం చప్పుడే.

సెక్యులర్ మిత్రులకూ ఒక మాట. మీరు మా ఊరి పీర్ల పండుగ ఫొటో చూసి 'ఇదీ అసలైన సామరస్యం' అంటారు. సంతోషం. కానీ అందరం కలిసి గుండం తొక్కిన మర్నాడు, అద్దెకు ఇల్లడిగితే పేరు విని ఖాళీ లేదన్నవాడు కూడా ఆ గుంపులోవాడే. అతుకును పొగడటం సులువు. గేజి పెట్టి అది ఎన్ని థౌ ఊగుతోందో చూడటం కష్టం. మమ్మల్ని నమూనాగా గోడకు తగిలించకండి. మేం తిరుగుతున్న చక్రాలం, మా మీద బరువు ఉంది.

ఉర్దూ మాట్లాడే అన్నదమ్ములకూ అదే మాట. మమ్మల్ని సగం అనకండి. పదిహేను థౌ చూపించిన గేజి డిస్కును సగం డిస్కు అనలేదు. ఎక్కడ పల్లముందో చూపించింది, అంతే.

మర్నాడు శుక్రవారం. జుమా నమాజు అయ్యాక ఇంటికి ఫోన్ చేశాను. మొహర్రం నెల మొదలై వారమైంది. నాయన ఎత్తి "బాగుండావా" అన్నాడు. అమ్మకివ్వబోతున్నాడని తెలుసు. "నాయనా, ఒక బండి సంగతి చెప్పాల" అన్నాను. ఆగాడు. పదిహేను థౌ నుంచి రెండు థౌ దాకా మొత్తం చెప్పాను. రివెట్లు ఊడబీకింది నేనే అని కూడా చెప్పాను. నాయన మధ్యలో ఒక్కమాట కూడా మాట్లాడలేదు. అయిపోయాక అడిగాడు, "షేతి బ్రేకు పడతాండాదా?"

పడుతోందన్నాను.

"పాత రివెట్లు మళ్ల కొట్టినావా?"

"లేదు నాయనా. ముక్కలే మిగిలినాయి. షిమ్ములు ఏసినా."

"అట్లయితే నట్లు మళ్ల ఒగసారి బిగిచ్చుకో. నూరు మైళ్లు తిరిగినాంక" అన్నాడు.

పీర్లు ఎప్పుడు ఎత్తుతారని అడిగాను. మంగళవారమన్నాడు. నా పేరు మీద చక్కెర చదివించమని చెప్పలేదు. ఆ మాట నా నోటికి ఇంకా రాలేదు. చావిడికి సున్నం కొట్టించారా అని మాత్రం అడిగాను. డబ్బు తక్కువైందన్నాడు. పంపుతానన్నాను. వద్దనలేదు.

కువైట్ నుంచి తిరిగొచ్చి ఇప్పుడు నాయన షెడ్డులోనే పనిచేస్తున్నాను. బోర్డు మీద నా పేరు పూర్తిగా రాయించాను, చివరి 'అయ్య'తో సహా. ఉర్దూ ఇప్పటికీ సరిగా రాదు, నేర్చుకుంటున్నాను. పీర్ల దగ్గరికి పోతాను కానీ గుండం తొక్కను. నాయన ఏమీ అనడు. మా ఇద్దరి మధ్యా ఒకటి రెండు థౌ తేడా ఉంది. అంతమాత్రం ఉంటే బండి నడుస్తుంది.